తొమ్మిదో లైను

మా పెద్దమ్మ ఎవరినైనా మొహం చూసి పలకరించదు, కాలరు చూసి పలకరిస్తుంది. నాకు ఉద్యోగం వచ్చిన రోజు ఆ కబురు చెబుదామని పరుగున వెళితే, సంతోషం అనడానికి ముందే జేబు దగ్గర ఇంకు మరక ఉందని చొక్కా విప్పించింది. తువ్వాలు కప్పుకుని అరగంట కూర్చున్నాను. మరక వదిలించి, ఇస్త్రీ చేసి, చొక్కా నా చేతికిచ్చాక అప్పుడు నవ్వింది.

ఆవిడది లాండ్రీ. ముందు గదిలో గాజు తలుపు, బల్ల, నంబరు చీటీలు గుచ్చిన బట్టల మూటలు. వెనక గదిలో రెండు పెద్ద మెషీన్లు, ఆరబెట్టే డ్రమ్ము, ఆవిరి ఇస్త్రీ బల్ల. ఆ వెనక ఆవిడ కాపురం. పెదనాన్న పోయాక ఒంటి చేత్తో నడుపుకొచ్చింది. పిల్లల్లేరు, ఉన్నదాన్ని నేనొక్కదాన్నే, చెల్లెలి కూతుర్ని. వీధిలో అందరూ ఆవిణ్ణి మరకలమ్మ అంటారు. ఆ పేరు తన చెవిన పడనట్టే ఉంటుంది కానీ లోలోపల పొంగిపోతుందని నాకు తెలుసు. ఆ గుమ్మం దాటి మురికి గుడ్డ బయటికి పోయిన పాపాన పోలేదు. చెత్తబుట్టలో పడేసే పీలికను కూడా ఉతికి, ఆరేసి, మడతపెట్టి మరీ పడేస్తుంది. ఇదేం చాదస్తమని నేను విసుక్కుంటే, లాండ్రీ దాని ఇంట్లోంచి మురికి గుడ్డ వచ్చిందంటే నలుగురూ ఏమనుకుంటారని నన్నే కసిరేది.

ఆ శుభ్రాల కోటలోకి ఇద్దరు మాత్రం జబర్దస్తీగా చొరబడ్డారు. ఒకడు బండోడు, కుక్క. పన్నెండేళ్ళవాడు, పేరుకు తగ్గ ఒళ్ళు, ఎడమ కంటికి పూర్తిగా పొర కమ్మేసింది. కుడి కన్నొక్కటే వాడికి దిక్కు. రెండోది దొరసాని, పిల్లి. ఎనిమిదేళ్ళ కిందట ఒక హోటల్ వాళ్ళ దుప్పట్ల మూటలో కళ్ళు తెరవని కూనగా దొరికింది. ఎవరి దుప్పటో తెలియదు, ఎవరి పిల్లో తెలియదు. బండోడు దాన్ని నాకి నాకి పెంచాడు. అప్పట్నుంచీ ఇస్త్రీ బల్ల కింద ఒకే పాత దుప్పటి మీద, వాడి పొట్టకు ఆనుకుని పడుకుంటుంది. లోకం మీద దానికి ఎంత చిరాకో, వాడంటే అంత చనువు.

నలభై ఏళ్ళు నిలబడే పనిచేసిన మోకాళ్ళు పోయిన ఏడాది మొండికేశాయి. కుడి మోకాలు మార్చాల్సిందే అన్నాడు ఎముకల డాక్టరు. ఆపరేషనుకు ముందూ వెనకా కలిపి పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉండాలి. పెద్దమ్మ మోకాలి గురించి ఒక్క ప్రశ్న వేయలేదు. ఆ పన్నెండు రోజులూ ఆ ఇద్దరి సంగతేంటని డాక్టర్నే అడిగింది. ఆయన తెల్లమొహం వేశాడు.

నేను ఉంచుకుని ఉండొచ్చు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. మా ఆయనకు పిల్లి పడదు, తుమ్ములొస్తాయి అన్నాను. ఆయన తుమ్మింది ఒక్కసారే, అదీ మిరియాల డబ్బా మూత తీసినప్పుడు. సోఫా మీద వెంట్రుకలు, పొద్దున్నే వాకింగు, ముసలి కుక్కను మూడంతస్తులు ఎక్కించడం దించడం, ఇవన్నీ తలుచుకుంటే నాకు ఒళ్ళు బరువెక్కింది. నేను పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షనులో కూర్చుంటాను. రోజంతా జనానికి ఏం నొప్పుండదండీ అని చెప్పడమే నా ఉద్యోగం. అబద్ధం నా నోట్లోంచి చాలా మర్యాదగా వస్తుంది. పెద్దమ్మ ఆ తుమ్ముల కథ నమ్మి, పాపం అల్లుడు అని జాలిపడింది కూడా.

అలా కుక్కల హాస్టల్ వెతికాం. ఊరి చివర, పెద్ద ఆవరణ. కుక్కలకూ పిల్లులకూ వేరు వేరు గదులు, కలిసి పెరిగినవాటికి ఒకే గది. నడిపే ఆయన ఒకప్పుడు స్కూలు బస్సు డ్రైవరు. జంతువులతో గంటలు గంటలు ముచ్చట్లు చెబుతాడు, మనుషులతో రెండు ముక్కలకు మించి మాట్లాడడు. తీసుకొచ్చే ముందు చేయాల్సినవి మొత్తం పన్నెండు, ఒక్కటీ వదలొద్దని ఒక కాగితం ఇచ్చాడు. ముందొక రాత్రి ఉంచి చూద్దాం అన్నాడు. ఆ రోజే ఇంటికెళ్ళి ఉన్నపళంగా ఆ ఇద్దర్నీ, వాటి దుప్పటినీ తీసుకెళ్ళి దింపేశాం. మర్నాడు వెళ్ళేసరికి దొరసాని బండోడి మెడ మీద తల పెట్టుకుని నిద్రపోతోంది. ఇంట్లో ఉన్నట్టే ఉన్నాయమ్మా అన్నాడు హాస్టలాయన. పెద్దమ్మ అంత తేలికపడటం నేనెప్పుడూ చూడలేదు.

ఇంటికొచ్చాక కాగితం నా చేతిలో పెట్టి, కళ్ళద్దాలు ఎక్కడ పెట్టానో కనపడ్డంలేదు, నువ్వే చదవమంది. నేను ఇస్త్రీ బల్ల మీద కూర్చుని చదువుతున్నాను, ఆవిడ టవళ్ళు మడతలు పెడుతోంది. టీకాల పుస్తకం తేవాలి. కడుపులో పురుగుల మందు వారం ముందు వేయించాలి. రోజూ తినేదే తేవాలి, ఒక్కో పూటకు ఒక్కో పొట్లం కట్టాలి. పిల్లిని పెట్టే బుట్ట వారం ముందు నుంచీ తలుపు తీసి ఇంట్లో ఉంచాలి. ఎనిమిది దాకా బాగానే నడిచింది. తొమ్మిదోది చూశాను. తీసుకొచ్చే ముందు మూడు రోజులు స్నానం చేయించొద్దు, వాటి పక్కగుడ్డ, ఇంట్లోవాళ్ళు వాడిన బట్ట ఒకటి ఉతక్కుండా పంపాలి, ఒకే గదిలో ఉండేవాటికి ఇది తప్పనిసరి, ఒంటి వాసన మారితే ఒకదాన్నొకటి గుర్తుపట్టక కొట్టుకుంటాయి అని ఉంది.

ఉతక్కుండా అన్న మాట దగ్గర నా నాలుక ఆగింది. ఆ ఒక్క మాటతో సాయంత్రం దాకా రభస జరుగుతుంది. మురికి దుప్పటి పంపమన్న హాస్టలు కూడా ఒక హాస్టలేనా అంటుంది. అసలు ఆపరేషనే వద్దంటుంది. నాకు బస్సు టైమైంది. పైగా నిజంగా గొడవ పడే ఓపిక లేదు. తర్వాత ఎప్పుడైనా మెల్లగా చెప్పొచ్చులే అనుకుని పదోదానికి దూకాను. పన్నెండూ అయిపోయాయని కాగితం మడిచి బల్ల మీద పెట్టాను. ఆవిడ టవలు మడత ఆపి నావైపు ఒకసారి చూసింది. నేను బస్సుకు పరుగెత్తాను.

ఆ వారం పెద్దమ్మ పడ్డ హైరానా అంతా ఇంతా కాదు. ఒక్కో పూట తిండి ఒక్కో కాగితపు సంచిలో కట్టి, బట్టల మూటలకు గుచ్చినట్టే నంబరు చీటీలు గుచ్చింది. కుక్కవి ఎర్ర చీటీలు, పిల్లివి నీలం. బండోడి కీళ్ళ మాత్రలు రోజుకొకటి చొప్పున పొట్లాలు. దొరసాని బుట్ట వైపు కన్నెత్తి చూడకపోతే, ఆవిరి ఇస్త్రీ చేసిన గుడ్డ వెచ్చవెచ్చగా తీసుకెళ్ళి బుట్టలో పరిచింది. మూడో రోజుకల్లా దొరసాని తనంతట తనే వెళ్ళి కూర్చోవడం మొదలెట్టింది. ఆ ఉపాయం తనకే తట్టినందుకు పెద్దమ్మ ఫోను చేసి మరీ చెప్పింది. ఆ ఫోనులోనైనా చెప్పాల్సింది. చెప్పలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ వారం గడిపేశాను.

సోమవారం పొద్దున్నే కారు మాట్లాడుకుని వెళ్ళాను. గాజు తలుపు తీయగానే హోటల్ దుప్పట్లకు ఆఖర్న వేసే సెంటు నీళ్ళ వాసన గుప్పుమంది. బండోడు తెల్లగా మెరిసిపోతున్నాడు. దొరసాని బీరువా మీద ఎక్కి కూర్చుంది, ముందు రోజు స్నానం చేయించిన దగ్గర్నుంచీ కిందికి దిగలేదట. పెద్దమ్మ రెండు చేతుల మీదా గోళ్ళ గీతలు. ఆ పాత దుప్పటి ఉతికి, ఆరేసి, అంచులు కలిపి మడతపెట్టి సంచిలో ఉంది. కొత్త దుప్పటేమో అనుకునేలా ఉంది. అప్పుడైనా చెప్పాల్సింది. కానీ పన్నెండింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి, తప్పితే మళ్ళీ రెండు నెలల దాకా తేదీ లేదు. మెల్లగా కిందికి దించి, ఒకర్ని బుట్టలో, ఒకర్ని సీటు మీద ఎక్కించాం.

హాస్టలు గేటు దగ్గర పెద్దమ్మ కారు దిగలేకపోయింది. కారులోంచే ఇద్దరికీ వీడ్కోలు చెప్పింది. ఎక్కువసేపు చెప్పొద్దని పదకొండో లైనులో ఉంది, అది నేను చదివాను కాబట్టి తొందరగానే ముగించింది. లోపల హాస్టలాయన బండోడి మెడ దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు.

“స్నానం చేయించారా?” అన్నాడు.

“లేదండీ, ఎప్పుడూ ఇంతే. వాళ్ళది లాండ్రీ కదా” అన్నాను.

ఏం నొప్పుండదండీ అన్నంత మర్యాదగా వచ్చింది. అవునంటే వేరు గదులు కావాలంటాడు, గది ఖాళీ లేదంటాడు, గంటసేపు తేలదు అని భయం. ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, సరే అని ఇద్దర్నీ పోయినసారి ఉంచిన గదిలోకే తీసుకెళ్ళాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆపరేషను బాగా జరిగిందని డాక్టరు చెప్పి వెళ్ళిన పది నిమిషాలకు హాస్టలాయన నుంచి ఫోను వచ్చింది. ఆసుపత్రి వరండాలో నిలబడి విన్నాను. దొరసాని గది మూలన ఎత్తు పలక మీద ముడుచుకుని కూర్చుందట. బండోడు అలవాటు ప్రకారం కిందికి రమ్మని మూతి పైకి ఎత్తాడు. అది వాణ్ణి ఎరగనట్టే మీద పడింది. కుడి కన్ను. గోరు కనుగుడ్డు లోపలిదాకా దిగింది. వాడు తిరిగి మొరగను కూడా మొరగలేదట, గోడవైపు తిరిగి కూర్చున్నాడట. పశువుల డాక్టరమ్మ కుట్లు వేసింది, చూడాలి అన్నాడు. ఆఖర్న నెమ్మదిగా, స్నానం చేయించలేదన్నారు కదమ్మా అన్నాడు. నేను ఫోను పెట్టేశాను.

రెండు రోజులు పెద్దమ్మకు చెప్పలేదు. బాగున్నాయి, తింటున్నాయి అన్నాను. మూడో రోజు ఆవిడే నా మొహం చూసింది. ఈసారి కాలరు కాదు, మొహమే చూసి, ఏం జరిగింది అంది. దెబ్బలాడుకున్నాయట, చిన్న గీత అన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుంది.

“నేనే చేశాను. సెంటు నీళ్ళు కూడా పోశాను వాడి మీద” అంది.

కాదు అనాలి. నేను అన్లేదు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆవిడ తనను తాను తిట్టుకుంటుంటే వింటూ ఊరుకున్నాను. కాసేపటికి, ఆపరేషనైన దగ్గర్నుంచీ వేసుకుని పడుకున్న ఊలు స్వెట్టరు విప్పింది. మూడు రోజుల చెమట, మందుల వాసన, కషాయం రంగు మందు మరక ఒకటి. అలవాటు కొద్దీ మరకను గోటితో గీకబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. అలాగే తీసుకెళ్ళి వాటి దగ్గర పడెయ్యమంది. నేను దాన్ని సంచిలో పెట్టుకుని రెండు బస్సులు మారి వెళ్ళి ఇచ్చొచ్చాను. హాస్టలాయన నా మొహం చూడకుండా తీసుకున్నాడు. ఇద్దర్నీ వేరు గదుల్లో పెట్టానని, స్వెట్టరు పూటకొకరి దగ్గర మార్చి మార్చి వేస్తానని చెప్పాడు.

తొమ్మిదో రోజు డాక్టరమ్మ ఫోను చేసింది. కుడి కన్ను ఇక రాదు. వాడికి ఇప్పుడు రెండూ లేవు.

అప్పటికి పెద్దమ్మను నడిపిస్తున్నారు. నాలుగు కాళ్ళ స్టాండు పట్టుకుని వరండాలో ఒక్కో అడుగూ వేస్తోంది, నేను పక్కన నడుస్తున్నాను. కన్ను సంగతి చెప్పాను. ఆవిడ ఆగలేదు, తలొంచుకుని నడుస్తూనే ఉంది. ఇక దాచడం నావల్ల కాలేదు.

“పెద్దమ్మా, ఆ కాగితంలో తొమ్మిదోది నేను చదవకుండా వదిలేశాను.”

“తెలుసు” అంది.

నేను ఒకడుగు వెనకబడి, గబగబా మళ్ళీ ఆవిడ పక్కకు చేరాను.

“పన్నెండన్నాడాయన. నువ్వు పదకొండే చదివావు. నలభై ఏళ్ళు బట్టలు లెక్కపెట్టుకున్నదాన్ని, నాకు లెక్క తప్పుతుందా? నువ్వెళ్ళాక అద్దాలు వెతుక్కుని చదివాను. రెండుసార్లు చదివాను.”

“మరి ఎందుకు ఉతికావు?”

నాలుగడుగులు వేశాక చెప్పింది. ముందు ఉతకకూడదనే అనుకుందట. ఆదివారం పొద్దున దుప్పటి చేతిలోకి తీసుకుంటే వాసన వచ్చింది. వాడి వాసన, దాని వాసన, తన వాసన. ఆ హాస్టల్లో ఎవరో దాన్ని విప్పి ముక్కు మూసుకోవడం కళ్ళ ముందు కనపడిందట. “సిగ్గేసిందే. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నా. వాటి ఒళ్ళు కూడా కడిగితే పనైపోతుంది కదా అనిపించింది. వాడి కన్నుకంటే నా పరువే ఎక్కువైంది నాకు” అంది.

నా తప్పు ఒప్పుకుంటే ఆవిడ బరువు సగం దిగుతుందనుకున్నాను. నిజం చెప్పాలంటే నా బరువు దిగుతుందనే నోరు విప్పాను. ఆవిడ బరువు ఆవిడ దగ్గరే ఉంది, నాది నా దగ్గరే ఉంది. ఇంకా నాలోపల ఒకటి మిగిలే ఉంది కాబట్టి అదీ చెప్పేశాను. హాస్టలాయన అడిగాడని, నేను లేదన్నానని.

ఈసారి పెద్దమ్మ ఆగింది. ఇది ఆవిడ లెక్కలో లేదు.

“అడిగాడా?” అంది. “అడిగితే లేదన్నావా?”

నేను తలూపాను. అవునని ఉంటే ఆ పూటే వేరు గదుల్లో పెట్టి ఉండేవాడని ఇద్దరికీ తెలుసు. ఆవిడ తిడుతుందని చూశాను. నిజానికి తిడితే బాగుండునని చూశాను. ఆవిడ స్టాండు ముందుకు జరిపి మళ్ళీ నడక మొదలెట్టింది. ఆ మిగిలిన రోజులు నేను పండ్లు తెస్తే తినేది, దిండు సరిచేస్తే తల ఎత్తేది. మాట మాత్రం లేదు.

పదమూడో రోజు పెద్దమ్మను ఇంట్లో దింపి, నేనే వెళ్ళి ఆ ఇద్దర్నీ తెచ్చాను. వాటిని మళ్ళీ ఒకే గదిలో కలిపి నాలుగు రోజులైందట. దొరసాని వాడి పొట్టకు ఆనుకునే పడుకుంటోంది. దానికి ఏదీ గుర్తున్నట్టు లేదు. కారులో దారి పొడుగునా బండోడు నా ఒళ్ళో గడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. కుట్లు మూసేసిన కన్ను నావైపే ఉంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

లాండ్రీలో దింపగానే వాడు గాజు తలుపు అంచుకు గుద్దుకున్నాడు. ఒక అడుగు వెనక్కి వేసి, తల పక్కకు తిప్పి మళ్ళీ వెళ్ళాడు. బల్ల కాలుకు తగిలాడు. పన్నెండేళ్ళు తిరిగిన ఇల్లు. పెద్దమ్మ కుర్చీలో కాలు చాపుకుని కూర్చుని ఉంది, పిలవాలంటే నోరు రావడంలేదు. ఆ ఆదివారం నుంచీ ఇల్లు ఊడ్చినవాళ్ళు లేరు, మెషీన్లు తిరగలేదు. ఆ ముతక వాసనలోంచి వాడు ఆవిణ్ణి వెతుక్కుంటూ వెళ్ళి, తోక ఊపుతూ, చెయ్యి దొరికేదాకా మూతితో తడుముకున్నాడు. దొరికాక దాన్ని నాకుతూ నిలబడ్డాడు.

పెద్దమ్మ ఇంకో చెయ్యి వాడి తల మీద వేయబోయి, మూసిన కన్ను తగులుతుందని ఆపుకుంది. నాలుగు రోజుల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అప్పుడే.

“ఒక్కసారి కరిస్తే బాగుండునే. నన్నైనా, నిన్నైనా.”

నేను వాడి తిండి సంచీ పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. నా వాసన తగిలినట్టుంది, బండోడు ఇటు తిరిగాడు. తలుపు అంచుకు మళ్ళీ గుద్దుకుని, నా దగ్గరకొచ్చి, నా చెయ్యి కూడా నాకాడు.